తొమ్మిది ఎర్ర సున్నాలు

ఇంటి నుంచి,
ముందుగదిలో, కుట్టుమిషను పక్కన

చెల్లికి పెద్దక్క దీవెనలు.

నిన్నటి ఉదయం సంగతి రాస్తాను. అందులో విశేషమేమీ లేదు. ఈ ఇంట్లో విశేషం లేని ఉదయం వచ్చి చాలా రోజులైంది, అందుకే రాయాలనిపించింది.

అయిదింటికి లేచాను. నిన్న నా ఉపవాసం రోజు కాబట్టి వంటగదితో పని లేదు. మరదలు పాపకు జడలు వేస్తోంది. పాప రిబ్బను పళ్ళ మధ్య పట్టుకుని ఎక్కం ఒప్పజెబుతోంది. పదమూడోదో పద్నాలుగోదో తెలియలేదు. తమ్ముడు వరండాలో మంచం మీద లేచి కూర్చుని, మోచేతి మడతలో ముఖం పెట్టుకుని రెండుసార్లు దగ్గాడు. పోయిన నెలలో ఆ దగ్గు మొదలైతే ఎక్కం మొత్తం అయ్యేదాకా ఆగేది కాదు.

డబ్బా మూతలో నాలుగు మాత్రలు పెట్టాను. ఇటుకరంగువి, ఒక్కోటి కోటు గుండీ అంత. గ్లాసులో నీళ్ళు పోసి పక్కన ఉంచాను. గోడకు వేలాడే మందుల కార్డులో ఆ రోజు గడిలో టిక్కు పెట్టి, ప్రార్థనకు కూర్చున్నాను. లేచేసరికి మూత ఖాళీ. గ్లాసు బోర్లించి ఉంది. ఎదురుగా ఇస్త్రీ ఆయన బొగ్గులు రాజేస్తున్నాడు. నేను మిషను దగ్గరికి వెళ్ళి బడి చొక్కాలకు కాలర్లు వేయడం మొదలుపెట్టాను.

అంతే.

నువ్వు కొండ దిగినప్పుడు ఫోనులో విన్నది సగమే. మిగతా సగం ఇది. విజిల్ వేయబోయి ఊపిరి అందక, తమ్ముడు నెల రోజులు బస్సు రేకుల మీద అరచేత్తో కొట్టి బండి ఆపించాడట. కండక్టరుకు కోపం వచ్చిందనుకున్నారు గానీ జబ్బు వచ్చిందని ఎవరూ అనుకోలేదు. రుమాలులో రక్తం కనిపించాక ఆసుపత్రికి వెళ్ళాడు. టీబీ అన్నారు. ఆరు నెలలు మందులు. డాక్టరు కాగితం ఇచ్చేదాకా బస్సెక్కవద్దని డిపో వాళ్ళు చెప్పారు.

డాక్టరు "మీ ఇంట్లో నమ్మకమైన మనిషి ఎవరు?" అని అడిగాడు. తమ్ముడు ఆలోచించకుండా నా వైపు వేలు చూపించాడు. అప్పటినుంచి మందులిచ్చేదాన్ని నేనే, కార్డూ నాదే. ఇరవై రెండు రోజులైంది, ఇరవై రెండు టిక్కులున్నాయి.

నీ పనే నాకు వచ్చింది. నువ్వెలా చేస్తావో రాయి. ఈ ఉత్తరం ఆసుపత్రి మందుల వ్యానులో పంపుతున్నాను. పదిహేను రోజులకోసారి మీ కొండకు వస్తుందట కదా.

ఉంటాను.
పెద్దక్క


మందుల కేంద్రం,
కొండమీద, రేకుల గది

పెద్దక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం మాత్రల పెట్టెల మధ్య నలిగి వచ్చింది. వ్యాను డ్రైవరు నాకిస్తూ "మేడమ్, దీనికి సంతకం పెట్టాలా?" అని అడిగాడు. పెట్టమంటే పెడతాడు, అంత మంచివాడు.

నా పని నీకు వచ్చిందని రాశావు. నవ్వొచ్చింది. చిన్నప్పుడు నా పనులన్నీ నువ్వే చేసి పెట్టేదానివి, అలవాటు పోయినట్టు లేదు.

ఇక్కడ ఒకటే గది. సగంలో నేను, సగంలో మందులు. కరెంటు ఉంటే ఉంటుంది. మైక్రోస్కోపు కింద చిన్న అద్దం ఉంది, దాన్ని కిటికీ వైపు తిప్పి ఎండతో చూస్తాను. మబ్బు పడితే పరీక్ష లేదు. దగ్గుతో వచ్చినవాళ్ళు పొద్దున్నే కఫం డబ్బీలు పట్టుకుని బయట బల్ల మీద వరసగా కూర్చుని, నాతోపాటు వాళ్ళూ ఆకాశం వంక చూస్తుంటారు. ఇక్కడ తేనె పట్టే ముసలాయన ఒకడున్నాడు, తేనె మామ అంటాం. "అమ్మాయ్, సూర్యుడు కూడా మీ ఆఫీసు ఉద్యోగేనా? రోజూ ఆలస్యంగా వస్తాడు!" అంటాడు.

మా దగ్గర పెద్ద రిజిస్టరు ఉంటుంది. ఒక్కో మనిషికి ఒక్కో వరస. చివరి గడి ఆరు నెలలు ఖాళీగా ఉంటుంది. అందులో రాయడానికి అయిదే మాటలున్నాయి. నయమైంది. మందులు పూర్తయ్యాయి. ఫలించలేదు. మానేశారు. చనిపోయారు. మనిషి బతుకంతా ఆ వరసలో ఇమడదు గానీ, ఆ అయిదు మాటల కోసమే నేను ఇక్కడున్నాను.

పోయిన ఏడాది యాభై రెండు మంది. నలుగురు చనిపోయారు. ఇద్దరు మానేశారు. ఈ మాట రాయడం నాకిష్టం ఉండదు. వాగు పొంగితే ఇవతలికి రాలేకపోయిన మనిషి ఏం మానేసినట్టు? ఒకరికి ఫలించలేదు. అయిదుగురికి పూర్తయ్యాయి. నలభై మందికి నయమైంది. నలభై, అక్కా! జిల్లా ఆఫీసు బోర్డు మీద మా రేకుల గది అందరికంటే పైన ఉంది.

నీకు ఒక్కటే చెబుతాను. మింగాకే టిక్కు. చేతికిచ్చాక కాదు, నోట్లో వేసుకున్నాక కూడా కాదు. నీళ్ళు తాగించి, రెండు మాటలు మాట్లాడించి, అప్పుడు. మాట్లాడితే నోట్లో ఏముందో తెలిసిపోతుంది.

తమ్ముడికి చెప్పు, విజిల్ తుప్పు పట్టకుండా చూసుకోమని.

నీ చెల్లి


ఇంటి నుంచి

చెల్లికి దీవెనలు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మూడోసారి పాప చేత పైకి చదివించి అందరం విన్నాం. నలభై అనగానే తమ్ముడు చప్పట్లు కొట్టాడు. మబ్బు పట్టిన రోజు ఆకాశం చూస్తూ కూర్చునే నిన్ను తలుచుకుంటే, నేను కళ్ళు మూసుకుని చేసే ప్రార్థన చిన్నదనిపించింది.

ఇక్కడి సంగతి బాగాలేదు. రెండు నెలలు నిండాయని కఫం పరీక్ష చేశారు. క్రిములు ఇంకా ఉన్నాయన్నారు.

డాక్టరు కార్డు చూశాడు. ఒక్క గడి ఖాళీ లేదు. "ఇంత శుభ్రమైన కార్డు నేను చూడలేదమ్మా. మరి ఎందుకిలా?" అని కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. మందులకు లొంగని రకమేమో చూడాలని కఫం నగరానికి పంపాడు. జవాబు రావడానికి వారాలు పడుతుందట. అలాంటిదైతే ఈ మందులు పనికిరావు, వేరేవి చాలా కాలం వాడాలి, అవి మనిషిని పిండేస్తాయి అన్నాడు. అప్పటిదాకా ఇవే మాత్రలు.

తమ్ముడు ఆ రోజు అన్నం ముట్టలేదు. మరదలు పాపను మళ్ళీ వేరే గదిలో పడుకోబెడుతోంది. ఇస్త్రీ ఆయన కూడా ఈ మధ్య దగ్గుతున్నాడు. బొగ్గుల పొగ అంటాడు.

లోపం మందులోనా? నీకు తెలిస్తే దాచకుండా రాయి.

పెద్దక్క


కేంద్రం బయట, వ్యాను బానెట్ మీద పెట్టి రాస్తున్నాను

అక్కా,

డ్రైవరు తొందరపెడుతున్నాడు. మందులు దించేలోపు రాసి ఇస్తానన్నాను, అందుకే ఒక్కో పెట్టెనీ పసిపాపను దించినట్టు దించుతున్నాడు పాపం.

ఇవి అడుగు. మాత్రలు నాలుగూ ఒకేసారి వేసుకుంటున్నాడా? పరగడుపునేనా? వాంతి చేసుకుంటున్నాడా?

ఇంకొకటి. ఆ మందు వేసుకున్న రోజు మూత్రం నారింజ రంగులో వస్తుంది. వేసుకోని రోజు మామూలుగా ఉంటుంది. ఏ రోజైనా మామూలుగా ఉందా అని అడగాలి. నువ్వు అడగలేవని నాకు తెలుసు, మరదలి చేత అడిగించు. తను మొహమాటపడదు.

నీ ఉత్తరం చదవగానే లోపలికి పరిగెత్తి నీ మొదటి ఉత్తరం తీసి చదివాను. ఆ ఉదయం అంతా రాశావు. రిబ్బను రాశావు, ఎక్కం రాశావు, బొగ్గులు రాశావు. మూతలో మాత్రలు పెట్టావు, టిక్కు పెట్టావు, ప్రార్థనకు కూర్చున్నావు. తమ్ముడు మింగినట్టు మాత్రం ఎక్కడా లేదు.

తప్పుగా అనుకోవద్దు. నిన్ను ఇలా ప్రశ్న అడగడం నా జన్మలో ఇదే మొదలు.

చెల్లి


ఇంటి నుంచి,
వరండాలో

చెల్లికి దీవెనలు.

నువ్వు అడిగింది సరైన ప్రశ్నే.

మరదలు అడిగింది. నేను తలుపు ఇవతల ఉన్నాను. "రంగు రోజూ ఒకేలా ఉంటోందా?" అంది. "ఏం రంగు?" అన్నాడు. "గోడకు వేసేది కాదు లెండి!" అంది. తమ్ముడు లేచి లోపలికి వెళ్ళాడు. తర్వాత తన విజిల్, టికెట్లకు చిల్లు వేసే పంచ్ దాచుకునే రేకుడబ్బా తెచ్చి నా ముందు మూత తీశాడు. అందులో మాత్రలున్నాయి. ముప్ఫై ఆరు. తొమ్మిది రోజులవి. తొమ్మిదీ నా ఉపవాసం రోజులు.

"ఎందుకు చేశావు?" అన్నాను.

"నీ ఉపవాసం నా కోసమే కదా పెద్దక్కా. నువ్వు గుక్కెడు నీళ్ళు ముట్టకుండా కూర్చుంటే, నీ వీపు వెనకే గ్లాసెత్తి గటగటా తాగమంటావా? నా వల్ల కాలేదు. నీతోపాటు నేనూ ఉంటే మంచిదనుకున్నా. వారానికి ఒక్క రోజేగా అనుకున్నా."

"మరి నాకు చెప్పలేదే?"

"నువ్వు అప్పటికే టిక్కు పెట్టేశావుగా. చెబితే నీ టిక్కు అబద్ధమైపోతుంది. నీ చేత అబద్ధం రాయించానని అనిపించుకోలేక..."

మరదలు నెత్తి కొట్టుకుంది. "మీ అక్కాతమ్ముళ్ళకు ఒక దండం. ఆవిడ చూడకుండా రాస్తుంది, ఈయన ఆవిడ రాసింది కాపాడటానికి మందు మానేస్తాడు. ఈ ఇంట్లో బుద్ధి ఉన్నది జబ్బు ఒక్కదానికే!" అంది. నవ్వాలో ఏడవాలో తెలియక పాప ఎక్కం చెప్పడం మొదలుపెట్టింది.

తమ్ముణ్ణి నేనేమీ అనలేదు. వాడు చేసింది ప్రేమకొద్దీ చేశాడు. నేను చేసింది తొందరకొద్దీ. ప్రార్థనకు వేళ మించిపోతుందని ముందే టిక్కు పెట్టుకున్నాను. దేవుడి దగ్గరికి వేళకు వెళ్ళాలని తమ్ముణ్ణి చూడకుండా వెళ్ళాను. "మింగాకే టిక్కు" అని నువ్వు రాశాక కూడా, అది వేరేవాళ్ళకు చెప్పిన మాటలా చదివాను.

మర్నాడు కార్డు తీసుకుని ఆసుపత్రికి వెళ్ళాను. దారిలో పాప ఎర్రపెన్సిలుతో ఆ తొమ్మిది టిక్కుల చుట్టూ తొమ్మిది సున్నాలు చుట్టాను. డాక్టరు ముందు పెట్టి, "ఇవి నేను చూడలేదు. చూసినట్టు రాశాను" అన్నాను. డబ్బా కూడా పెట్టాను.

ఆయన మాత్రలు లెక్కపెట్టి చూసి, "ఖాళీ గడులు నింపి తెచ్చేవాళ్ళను రోజూ చూస్తానమ్మా. నింపిన గడులు ఖాళీ అని చెప్పడానికి వచ్చిన మనిషిని ఇప్పుడే చూస్తున్నాను" అన్నాడు. అది నాకు ఓదార్పు కాలేదు. నగరం నుంచి జవాబు ఇంకా రాలేదు. మధ్యమధ్యలో మానడం వల్లే క్రిములు మొండికెత్తి ఉంటే, వాటికి ఆ మొండితనం నేర్పింది నేనే.

కార్డు ఇంకొకరికి ఇచ్చేయమన్నాను. తమ్ముడు ఒప్పుకోలేదు.

ఉపవాసం మానలేదు. కానీ ముందు వాడు మింగాలి, రెండు మాటలు మాట్లాడాలి. తర్వాతే నా ప్రార్థన. నిన్న "ఏదైనా మాట్లాడు" అంటే "టికెట్, టికెట్, టికెట్" అన్నాడు.

పెద్దక్క


కొండమీది కేంద్రం

పెద్దక్కకు,

ఈ ఉత్తరం ఆలస్యమైంది. వ్యాను రెండుసార్లు వచ్చి వెళ్ళినా రాయలేదు. నీకు రాసే ముందు ఒక పని చేయాల్సి వచ్చింది.

నలభై అని రాశాను నీకు. మీరంతా చప్పట్లు కొట్టారు. ఆ నలభైలో ఏడు నేను చూడకుండా రాసినవి.

నయమైంది అని రాయాలంటే చివర్లో కఫం పరీక్ష చేసి, క్రిములు లేవని కంటితో చూడాలి. చూడలేకపోతే మందులు పూర్తయ్యాయి అని మాత్రమే రాయాలి. పోయిన వానాకాలంలో పరీక్షకు వాడే రంగునీళ్ళు నెలన్నర రాలేదు. సూర్యుడూ రాలేదు. ఆ ఏడుగురూ ఒళ్ళు చేశారు, పనులకు వెళుతున్నారు, నవ్వుతూ వచ్చారు. ఇంకేం చూడాలి అనుకున్నాను. ఏడు గడుల్లోనూ నయమైంది అని రాశాను. బోర్డు మీద పైకెక్కాను. నీకు ఉత్తరంలో రాసేటప్పుడు కూడా ఆ ఏడూ గుర్తొచ్చాయి. రాయలేదు.

నీ ఎర్ర సున్నాల సంగతి చదివాక రిజిస్టరు తీశాను. నా దగ్గర ఎర్రపెన్సిలు లేదు. డ్రైవరు దగ్గర ఎర్ర పెన్ను అడిగి తీసుకున్నాను.

తర్వాత డబ్బీలు సంచిలో వేసుకుని ఏడు ఇళ్ళకూ నడిచాను. పన్నెండు రోజులు పట్టింది. ఆరుగురు బాగున్నారు. ఏడో మనిషి తేనె మామ. "వయసు దగ్గు అమ్మాయ్, దానికి మందు ఉండదు" అన్నాడు. ఎండ వచ్చిన రోజు అద్దం తిప్పి చూశాను. ఉన్నాయి, అక్కా. ఎర్రగా, సన్నగా, దారప్పోగుల్లా. ఆయన మనవరాలు ఆయన పక్కలోనే పడుకుంటోంది.

మళ్ళీ మందులు మొదలుపెట్టాం. పిల్లకు కూడా పరీక్ష చేసి, జబ్బు రాకుండా మందు ఇస్తున్నాం. ఇంకో రెండు నెలలు ఆగి ఉంటే ఏమయ్యేదో ఆలోచించను. నువ్వు అక్కడ కూర్చుని తొమ్మిది సున్నాలు చుట్టావు, ఇక్కడ కొండ మీద ఒక పిల్ల బతికి బయటపడుతోంది. ఆ సంగతి నీకు తెలియాలి.

అప్పుడు చూడకుండా రాసినవి ఏడూ కొట్టేస్తే నలభై కాస్తా ముప్ఫై మూడయింది. నేను కొండ దిగిన రోజు జిల్లా ఆఫీసరు ఫోను చేసి, "ఎవరూ అడగలేదు కదమ్మా, ఎందుకు మార్చావు?" అన్నాడు. "మా పెద్దక్క అడిగింది సార్" అన్నాను. నువ్వు మా పై ఆఫీసరువి అనుకున్నాడో ఏమో, "అలాగా, సరే సరే" అని పెట్టేశాడు.

నగరం నుంచి జవాబు వస్తే వెంటనే రాయి. ఇప్పుడు నాకు ప్రార్థన చేయాలనిపిస్తోంది. ఎలా చేయాలో నీ అంత తెలియదు. అద్దం తిప్పుతూ అడుగుతున్నాను.

చెల్లి


ఇంటి నుంచి,
ముందుగదిలో

చెల్లికి పెద్దక్క దీవెనలు.

నీ ఉత్తరం నా ప్రార్థన పుస్తకంలో పెట్టుకున్నాను. ముప్ఫై మూడు అన్నప్పుడు ఇక్కడ ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తమ్ముడు లేచి నిలబడ్డాడు, అంతే. నలభై కంటే అది పెద్ద లెక్క అని పాపకు కూడా అర్థమైంది.

నగరం నుంచి జవాబు వచ్చిన రోజు చీటీ పంపాను, అందే ఉంటుంది. మందులకు లొంగే రకమే. తర్వాతి పరీక్షలో క్రిములు లేవన్నారు. పోగొట్టుకున్న రోజులకు నెల కలిపి ఏడు నెలలు మందులిచ్చాం. మొన్నటితో అయిపోయాయి. సున్నాలు చుట్టాక పెట్టిన ప్రతి టిక్కూ నా కళ్ళతో చూసి పెట్టినదే.

చివరి పరీక్షకు చిక్కొచ్చింది. తమ్ముడికి కఫం రాలేదు. మూడు ఉదయాలు డబ్బీ పట్టుకుని మెట్లెక్కాడు, దిగాడు, ఆవిరి పట్టాడు. ఉమ్మి తప్ప ఏమీ లేదు. ఆసుపత్రిలో పరీక్షలు చేసే అతను, "దగ్గే లేని మనిషికి కఫం ఎక్కణ్ణుంచి వస్తుంది? నయమైందని రాసేద్దాం, డిపోకి కూడా ఆ మాటే కావాలి" అన్నాడు.

నేను నోరు తెరవకముందే తమ్ముడు అన్నాడు: "చూశారా?"

"ఏది?"

"క్రిములు లేవని. మీ కంటితో చూశారా?"

"చూడటానికి నువ్వు కఫం ఇస్తే కదయ్యా!"

"అయితే రాయకండి. మా ఇంట్లో చూడనిది రాయం."

చెల్లీ, వాణ్ణి నేను ఎత్తుకుని పెంచాను. ఆ క్షణంలో వాడు నాకంటే పెద్దవాడిలా కనిపించాడు.

చివరి గడిలో "మందులు పూర్తయ్యాయి" అని రాశారు. ఆ కాగితం పట్టుకుని డిపోకి వెళ్ళాం. గుమస్తా అటూ ఇటూ తిప్పి, "ఇంతకీ తగ్గినట్టా, కాదా?" అన్నాడు. తమ్ముడు జేబులోంచి విజిల్ తీసి ఊదాడు. ఆ గదిలో టైపు కొట్టేవాళ్ళు ఆగిపోయారు. బయట ఒక బస్సు నిజంగానే ఆగింది. గుమస్తా చెవిలో వేలు పెట్టుకుని, "చాలయ్యా బాబూ, రేపొచ్చి డ్యూటీ ఎక్కు" అన్నాడు. తమ్ముడికి ఎదురుగా నిలబడి ఉన్నాను కాబట్టి, ఊపిరి ఎంతసేపు నిలిచిందో లెక్కపెట్టాను. పదమూడు.

ఇంటికి వచ్చేసరికి ఇస్త్రీ ఆయన మన వరండా మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో కొత్త కార్డు. బొగ్గుల పొగ కాదట. ఆయన ఒంటరి మనిషి, మందులిచ్చేవాళ్ళు ఎవరూ లేరు. డాక్టరు "ఎదురింట్లో ఒకావిడ ఉంది, అడుగు" అని పంపాడట.

నేను వెంటనే సరే అనలేకపోయాను. ఒకసారి తప్పిన చెయ్యి ఇది. ఇంట్లో పాప ఉంది. అందరం మాట్లాడుకుని చెబుతామన్నాను.

సాయంత్రం వరండాలో కూర్చున్నాం. మరదలు భయపడుతుందనుకున్నాను. ముందు తనే మాట్లాడింది. "మన చొక్కాలు తాకి తాకి ఇస్త్రీ చేసే మనిషి, వదినా. మనకు జబ్బొచ్చినప్పుడు మన బట్టలు తీసుకోనని ఒక్కరోజైనా అన్నాడా? రానివ్వండి. బయట గాలిలోనే కూర్చుంటాడు" అంది. పాప కార్డులో తేదీలు వేస్తానంది. నా ఉపవాసం రోజు సంగతి ఏమిటని నేను అడిగాను.

తమ్ముడు విజిల్ తుడిచి, రేకుడబ్బాలో పెట్టబోయి ఆగాడు. "టికెట్టు చూడకుండా నా బస్సు ఏనాడైనా కదిలిందా పెద్దక్కా? ఆరున్నరకి నా డ్యూటీ. ఆయన్ని ఆరింటికి రమ్మను. మింగేది నేను చూస్తాను. నోరు తెరిపించి, మాట్లాడించి, విజిల్ వేస్తాను. అది వినబడ్డాకే నువ్వు టిక్కు పెట్టు. తర్వాత నీ ఇష్టం వచ్చినంతసేపు ప్రార్థన చేసుకో" అన్నాడు.

అందరికీ అదే సరి అనిపించింది. రేపు ఉదయం ఆరు నుంచి ఇస్త్రీ ఆయన మన వరండాకు వస్తాడు. ముందు విజిల్, తర్వాత టిక్కు.

పెద్దక్క